అరగదీసిన బ్రేకు

భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే భార్య తువ్వాలు అందిస్తూ నవ్వింది. మెకానిక్‌కి అనుమానం వచ్చింది. ఆవిడ ఊరికే నవ్వే మనిషి కాదు.

“మా తమ్ముడు ఫోన్ చేశాడండీ. మొన్న దుంగ కోస్తుంటే రంపం మిషను మొహం మీదికి ఎగిరిందట. మీరు బాగుచేసిన బ్రేకే పట్టుకుని ఆపిందట. బావ లేకపోతే నా మొహం రెండు ముక్కలయ్యేదక్కా అన్నాడు.”

“వాడికిప్పుడు బుద్ధొచ్చిందన్నమాట.”

“పొగిడితే పొగిడించుకోండి. వాడి నోట మీ గురించి మంచి మాట రావడం ఇదే మొదలు.”

మెకానిక్ ఈల వేసుకుంటూ షెడ్డుకి పోయాడు. ఆ ఈల ఎంతోసేపు నిలవలేదు.

బావమరిది చెట్లు కొట్టేవాడు. పడిపోయిన చెట్లు, రోడ్డుకి అడ్డమొచ్చిన కొమ్మలు, గోడ మీద వాలిన మానులు, ఏదైనా వాడే కొయ్యాలి. కాంట్రాక్టరు హెల్మెట్టు ఇవ్వడు, చేతి తొడుగులివ్వడు. అడిగితే రేపటి నుంచి రావద్దంటాడు. వాడికున్న రక్షణ అంతా ఆ పాత చైన్ సాకి, అదే ఇంజను రంపానికి, చేతి ముందు నిలబడి ఉండే ప్లాస్టిక్ గార్డు. మిషను ఎగిరితే మణికట్టు దానికి తగులుతుంది, గార్డు ముందుకు పడుతుంది, లోపల ఉక్కు పట్టీ, కోసే గొలుసుని తిప్పే డ్రమ్ముని గట్టిగా బిగించి గొలుసుని ఆపేస్తుంది. అదీ బ్రేకు.

కాంట్రాక్టర్ల మీద మెకానిక్ నిప్పులు చెరిగేవాడు. టీ కొట్టు దగ్గర గ్లాసు బల్ల మీద కొట్టి మరీ అరిచేవాడు. “కూలోడి ప్రాణమంటే లెక్కలేదు వీళ్ళకి. ఒక్కణ్ణి జైల్లో వేస్తే అందరూ దారికొస్తారు.” వినేవాళ్ళు తలలూపేవారు. అతని మాట మీద వాళ్ళకి గురి.

ఆ మధ్యాహ్నం బల్ల మీద ఇంకొకరి చైన్ సా ఉంది. అదే కంపెనీ, అదే రకం, అంతే పాతది. ఈ రకానికి బ్రేకు పట్టీ, గార్డు రెండూ పక్క మూతలోనే ఉంటాయి. మూత ఊడదీస్తే అవి కూడా వస్తాయి. లోపల చెత్త దులిపి మూత పెట్టబోతే ఎక్కలేదు. డ్రమ్ము దగ్గర అడ్డం పడింది. తిప్పి చూశాడు, నొక్కి చూశాడు. ఊహూ.

బావమరిది మిషను బాగుచేసినప్పుడూ అచ్చంగా ఇదే తంటా వచ్చింది. ఇది వేరే మిషను మూత, ఎవడో అంటగట్టాడని అప్పుడు తేల్చేశాడు. గ్రైండరు తీసి, మూత సులువుగా దిగేదాకా పట్టీ లోపలి వైపు అరగదీశాడు. గార్డు టక్కుమంది. టక్కుమంటే చాలనుకున్నాడు. ఇంజను నడిపి చూడలేదు.

ఇప్పుడూ గ్రైండరు కోసం చెయ్యి చాచాడు. విసుగ్గా మూతని బల్ల మీద పడేస్తే గార్డు బల్ల అంచుకి తగులుకుని వెనక్కి పడింది. టక్. మూత తీసి మళ్ళీ మిషనుకి పెట్టాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

అంటే మూతలో తప్పేమీ లేదు. అప్పుడూ లేదు. బ్రేకు పడి ఉండగా మూత ఊడదీశాడు, పట్టీ బిగుసుకుని ఉంది, అందుకే ఎక్కలేదు. గార్డు వెనక్కి లాగితే సరిపోయేది. తనేం చేశాడు? బిగుసుకున్న పట్టీ కూడా డ్రమ్ముకి తగలనంతగా అరగదీశాడు. తగలనిది ఇంకేం పట్టుకుంటుంది?

షెడ్డుకి తాళం వెయ్యడం కూడా మరిచిపోయి బండి తీశాడు.

బావమరిది ఒక పాత గిడ్డంగి వెనకాల, గోడ మీద పడిన చెట్టు కోస్తున్నాడు. బావని చూసి ఇంజను ఆపాడు.

“ఏంటి బావా, పొగడ్త సరిపోలేదా? ఇంకోసారి విందామని వచ్చావా?”

“మిషనిట్టా ఇవ్వు.”

“ఎందుకు? గుర్రంలా పరిగెడుతోంటే.”

“ఆయిలు సరిగ్గా అందుతున్నట్టు లేదు. ఓసారి చూసి ఇస్తా.”

ఆ అబద్ధం నోట్లోంచి నూనె రాసినట్టు జారింది. వాడు మారుమాట లేకుండా ఇచ్చేశాడు. “నువ్వు చూస్తానంటే వద్దంటానా” అంటూ గొడ్డలి అందుకున్నాడు.

మెకానిక్ మిషను మోసుకుంటూ బండి దాకా వచ్చాడు. కొత్త పట్టీ వేసి ఇచ్చేస్తే మూడో కంటికి తెలియదు. భార్య తువ్వాలు అందిస్తూనే ఉంటుంది. టీ కొట్టులో తలలు ఊగుతూనే ఉంటాయి. వెనక గొడ్డలి దెబ్బ వినిపిస్తోంది. ఒక్కో దెబ్బా అతని వీపు మీదే పడుతున్నట్టుంది.

వెనక్కి వచ్చాడు. మిషను నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, తాడు లాగాడు. ఇంజను అందుకుంది. బాగా రేజ్ చేసి గార్డుని ముందుకు కొట్టాడు. టక్.

గొలుసు తిరుగుతూనే ఉంది.

ఇంజను ఆపేశాక చెప్పాడు. “నేనే అరగదీశాను. మూత ఎక్కలేదని.”

బావమరిది గొడ్డలి దించాడు.

“అయితే మొన్న ఆపిందెవరు బావా?”

“ఎవరూ లేరు. నీ చేతులే.”

వాడు తన చేతులు తిప్పి చూసుకున్నాడు, కొత్తగా చూస్తున్నట్టు.

“కొత్త పట్టీ వచ్చేదాకా దీన్ని ముట్టుకోకు. కాంట్రాక్టరు అరిస్తే నేను మాట్లాడతా.”

“ఏమని మాట్లాడతావు? మా ప్రాణాలంటే లెక్కలేదా అనా?”

మెకానిక్‌కి వాడు తిట్టినా బాగుండేదనిపించింది.

“మీ అక్కకి...”

“నేను చెప్పను. నువ్వే చెప్పుకోవాలి. ఈరోజే.”

వాడు గోడకి ఆనించిన, ఇద్దరు లాగే పాత రంపం తెచ్చి ఒక పిడి బావ ముందుకు చాచాడు. మెకానిక్ చొక్కా చేతులు మడిచి దుంగకి అవతల కూర్చున్నాడు. తొందరలో రంపాన్ని ముందుకు నెట్టాడు. రేకు వంగి బిగుసుకుపోయింది.

“లాగడమే బావా, నెట్టకు. నీ వంతు నువ్వు లాగు. నా వంతు నేను చూసుకుంటా.”