డాక్టరుగారికి ఎనభై ఎనిమిది

"పేషెంట్ ఒక్కరే ఉండాలమ్మా. ఇంట్లోవాళ్లు బయట కూర్చోవాలి" అంది ప్రశ్నల కాగితాలు పట్టుకున్న అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఆరేళ్లుగా మా ఆయన్ని ఎవరేమడిగినా జవాబు చెబుతున్నది నేను. జ్వరం ఎప్పటి నుంచి అని అడిగినా, చొక్కా కొలతలెంత అని అడిగినా ఆయన నా వైపే చూస్తారు.

"ఆయనకు సరిగ్గా వినపడదమ్మా. మిల్లులో మగ్గాల పక్కన పనిచేసి చెవులు పోయాయి."

"గట్టిగా అడుగుతాలెండి."

"మాట్లాడకూడదు కూడా. రోజుకి నాలుగు ముక్కలు మించొద్దన్నారు డాక్టరుగారు."

"వేళ్లు చూపిస్తే చాలమ్మా. అసలు నమ్మకం లేకపోతే ఒకటి, పూర్తిగా ఉంటే అయిదు."

క్యాన్సర్ వచ్చినవాళ్లకు తమ డాక్టరు మీద ఎంత నమ్మకం ఉందో కొలుస్తున్నారట. నమ్మకాన్ని కూడా జ్వరంలాగా కొలుస్తారని నాకు అంతవరకు తెలియదు. ఆ అమ్మాయి నన్ను బయటికి పంపి తలుపు వేసింది. తలుపుకు అద్దం ఉంది. ఆమె అరిచే ప్రశ్నలు వరండా అంతా వినిపిస్తున్నాయి, ఈయన చూపించే వేళ్లు అద్దంలోంచి కనిపిస్తున్నాయి. రహస్యం బాగానే కాపాడింది పిల్ల.

మర్యాదస్తురాలైతే తల తిప్పుకునేది. నేను తిప్పుకోలేదు. సోమవారం ఆయనకు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత ఆ గొంతు ఇక ఉండదు. మిగిలిన ఈ ఆరు రోజుల్లో తన లోపల ఏముందో ఒక్కసారి, తన నోటితో, నాకు చెబితే బాగుండునని నా ఆశ. పెద్ద కబుర్లేం అక్కర్లేదు. భయంగా ఉందే అంటే చాలు. ఆయన మొదటి నుంచీ మాటల పిసినారే. కాపురానికొచ్చిన కొత్తలో నా మీద అలిగారేమో అనుకునేదాన్ని. అది ఆయన మామూలు మొహమేనని తెలియడానికి ఏడాది పట్టింది.

"మీ డాక్టరు మీ మేలే కోరతారని నమ్ముతారా?"

అయిదు వేళ్లు.

"మీకు అర్థమయ్యేలా చెబుతారా?"

మళ్లీ అయిదు.

"మీ దగ్గర ఏమీ దాచరని నమ్ముతారా?"

అక్కడ కాసేపు ఆలోచించి మూడు చూపించారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మూడు చూసి నాకు సంతోషమేసింది.

పదకొండో ప్రశ్న ఆ అమ్మాయి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. "మీ భయాలు డాక్టరుతో చెప్పుకోగలరా?"

ఆయన చెయ్యి ఎత్తి అయిదు వేళ్లూ బారుగా చాచారు. ఆలోచించనైనా లేదు.

పోయిన వారం డాక్టరు గదిలో అరగంటసేపు ఒక్కరే కూర్చుని వచ్చారు. బయటికొచ్చేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఆ సాయంత్రమంతా నాకు సైగలే. అంటే ఉన్న కాస్త గొంతూ అక్కడ ఖర్చు పెట్టి వచ్చారన్నమాట. ఆ డాక్టరుకు మా చిన్నల్లుడంత వయసు కూడా ఉండదు. ఆ అరగంట నాది కావలసింది.

మొత్తం పద్దెనిమిది ప్రశ్నలు. మిగతావన్నీ అయిదులే. తొంభైకి ఎనభై ఎనిమిది. మా పిల్లలకు కూడా ఏ పంతులూ ఇన్ని మార్కులు వేసిన పాపాన పోలేదు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. కాస్త వినపడేది కుడి చెవి. అటు వెళ్లి కూర్చున్నాను.

"డాక్టరుకు ఎనభై ఎనిమిది వేశారు. నాకెన్నేస్తారు?"

వరండాలో ఇద్దరు తలలు తిప్పి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆయన చెయ్యి ఎత్తబోయారు. పట్టుకుని కిందికి దించాను.

"వేళ్లొద్దు."

ఆయన నా వైపు తిరిగారు.

"ఆ డాక్టరు పక్క గదికి వెళ్లగానే మర్చిపోతాడే" అన్నారు. గరుకు కాగితం రుద్దినట్టుంది గొంతు. "నువ్వు మర్చిపోవు. అందుకే నీకు చెప్పలేదు."

"మర్చిపోకూడదనే అడుగుతున్నాను. ఆయనకు చెప్పిందేదో నాకూ చెప్పండి."

కళ్లు తుడుచుకుంటారనుకున్నాను. చొక్కా గుండీ సవరించుకున్నారు.

"చచ్చిపోతానని కాదు నా భయం. బతికొచ్చాకే. నువ్వు స్నానాల గదిలో జారి పడ్డావనుకో. పిలుస్తావు, నాకు వినపడదు. ఒకవేళ చూశాననుకో, కేకేసి ఎవర్నీ పిలవలేను. నువ్వు కింద పడుంటావు, నేను నోరు తెరుచుకుని నిలబడి ఉంటాను. రోజూ అదే కనిపిస్తోంది."

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది ఆయన భయం కోసం. ఆ భయం నా గురించే అయి ఉంటుందని ఒక్కసారైనా తట్టలేదు. అంతగా వేధించి చెప్పించినందుకు సిగ్గేసింది. అయినా తనివి తీరలేదు. ఆయన మెడ మీద నరాలు ఉబ్బాయి, మింగడానికి కూడా నొప్పి పడుతున్నారు. ఇక చాలు, ఆపండి అనడం నా ధర్మం.

ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి, "ఇంకా చెప్పండి" అన్నాను.