పుట తిప్పే చేయి

టెలిగ్రాం అంటే చావు కబురే అనుకోవడం మనకు అలవాటు. 1985 జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం, హన్మకొండలోని ఆ రెండు గదుల ఇంటి ముందు టెలిగ్రాఫ్ మనిషి సైకిలు దిగగానే, ఇంటి యజమానురాలు సమ్మమ్మ బియ్యం చేట కింద పెట్టేసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో బిడ్డా విమలా, ఎవలకేమాయెనే!"

విమల కాగితం విప్పి చదివింది. నమ్మకం కలగక మళ్లీ చదివింది. హైదరాబాదు నుంచి భర్త స్నేహితుడు రామలింగం పంపిన నాలుగు ముక్కలు: రెండు గ్రూపులూ పాస్. అభినందనలు.

"ఎవలే? దగ్గరోల్లా, దూరపోల్లా?" సమ్మమ్మ గొంతు అప్పుడే ఏడుపు రాగం అందుకుంది.

"ఎవ్వరికీ ఏం కాలేదు పెద్దమ్మా! ఆయన పాసయిండు! సి.ఏ. పాసయిండు!"

"గదేం చదువే? డాక్టరు కన్న పెద్దదా?"

"డాక్టరు మనుషుల నాడి పడ్తడు, ఈయన దుకాణాల నాడి పడ్తడు," అని విమల పకపకా నవ్వింది. నోరు తీపి చేయడానికి ఇంట్లో ఏమీ లేదు. డబ్బాలోంచి చక్కెర తీసి టెలిగ్రాఫ్ మనిషి అరచేతిలో పోసింది, సమ్మమ్మ నోట్లో పోసింది, తాను కూడా పిడికెడు వేసుకుంది.

పెళ్లయి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో ఆమెకు సంతోషం కలిగించని వస్తువు ఆ ఇంట్లో లేదు. కిరోసిన్ స్టవ్ మీద నీలం మంట చూసినా సంతోషమే, ఒకే దండెం మీద తన చీర పక్కన ఆయన చొక్కా ఆరుతున్నా సంతోషమే. ఇప్పుడీ టెలిగ్రాం! మాంసం తేవడానికి పోయిన భర్త ఇమ్మానుయేలు ఇంకా రాలేదు. ఆయన కంచం బోర్లించి, దాని కింద టెలిగ్రాం దాచి, ఏమీ ఎరగనట్టు ఉల్లిగడ్డలు కోయసాగింది.

ఇమ్మానుయేలు తండ్రి ఏలియాను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏలియా వరంగల్ ధాన్యం మార్కెట్లో ముప్పై ఏళ్లుగా హమాలీ. కూర ఉడికి, వడ్డనకు కూర్చున్నాక ఇమ్మానుయేలు కంచం తిరగేశాడు. చదివాడు. లేచి నల్లా దగ్గరికి పోయాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చేసరికి ముఖం తడిగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంటే ఇగ సంతకం పెట్టొచ్చా బిడ్డా?" ఏలియా అడిగాడు.

"పెట్టొచ్చు నాయినా."

అది చిన్న మాట కాదు. వందమంది రాస్తే వేళ్ల మీద లెక్కబెట్టేంతమంది గట్టెక్కే పరీక్ష అది. బి.కాం. అయ్యాక ఇమ్మానుయేలు ఆర్టికల్స్ శిక్షణ కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కాడో! పేరు వినగానే 'ఖాళీ లేదు' అన్నారు. ఆడిటర్ కిషన్ రావు ఒక్కడే చేర్చుకున్నాడు. మూడేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుని, తరవాత అక్కడే జీతానికి చేరి, నాలుగుసార్లు తప్పి ఐదోసారి నెగ్గాడు.

సాయంత్రం కిషన్ రావే స్కూటరు మీద వచ్చాడు. ఆయనకు హైదరాబాదు నుంచి ఫోను వచ్చిందట. వెనక సీటు మీది నుంచి మిఠాయి పెట్టెతో దిగిన ముసలాయన నర్సయ్య, మిర్చి, ధాన్యాల పెద్ద వ్యాపారి వెంకట్రాజం సేటు దుకాణంలో గుమాస్తా. ఆ పెట్టె సేటు పంపిందే.

ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలు. వాళ్లిద్దరూ కూర్చున్నారు. ఏలియా లేచి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. విమల పెళ్లికి వచ్చిన పూల కప్పులు పెట్టెలోంచి మొదటిసారి తీసింది. కిషన్ రావు తన ముందు పెట్టిన చాయ్ చూసి, "ఇప్పుడే తాగొచ్చినమ్మా," అన్నాడు. నర్సయ్య మాత్రం తాగాడు.

"ఇగ నువ్వు నా నౌకరువు కాదు ఇమ్మానుయేలూ, పార్ట్‌నర్‌వు," అన్నాడు కిషన్ రావు నవ్వుతూ. "కాయితాలన్నీ వచ్చేవరకు నెల, నెలన్నర పడ్తది. వచ్చినంక బోర్డు మీద నా పేరు కింద నీ పేరు. ఇప్పుడు కొత్త చట్టమాయె, పెద్ద దుకాణాలన్నింటికి ఆడిటర్ సంతకం కావాలె. మూడేండ్ల సంది నువ్వు చూస్తున్న వెంకట్రాజం సేటు లెక్కలతోనే రేపు మొదలుపెట్టు. సంతకం టైముకు నువ్వే పెడ్తవ్."

విమలకు గాలిలో తేలినట్టయింది. బోర్డు మీది అక్షరాలు అప్పుడే ఆమె కళ్ల ముందు మెరిశాయి.

"పనంతా ఎప్పటి తీరుగనే," కిషన్ రావు లేవబోతూ అన్నాడు. "నర్సయ్య ఉండనే ఉన్నడు, తిప్పుతడు."

"ఏం తిప్పుతడు సార్?" విమల అడిగింది.

ఇమ్మానుయేలు తల వంచుకున్నాడు. ఆ వంచడం చూసి విమల నవ్వు ఆగిపోయింది.

"ఓ, నీకు చెప్పలేదా?" కిషన్ రావు తేలిగ్గా అన్నాడు. "ఏం లేదమ్మా. సేటు దుకాణంల లెక్కల పుస్తకాలకు దీపావళి నాడు లక్ష్మీపూజ చేస్తరు. బయటోళ్లు ముట్టద్దని వాళ్ల ఆచారం. మనోడు గడప దగ్గర స్టూలు మీద కూసుంటడు, నర్సయ్య గద్దె మీద కూసొని పుటలు తిప్పి చూపిస్తడు. టిక్కు గూడ నర్సయ్యే పెడ్తడు. మనోని కండ్లు చురుకు, దూరం నుంచి గూడ చదువుతడు!"

"మీరు పోయినప్పుడు, సార్? మీరు గూడ స్టూలు మీదనే కూసుంటరా?"

కిషన్ రావు జేబులోంచి స్కూటరు తాళంచెవి తీశాడు.

పాఠకులారా, ఆ జవాబు మనకు తెలుసు. కిషన్ రావు పోతే గద్దె మీద దిండు వేస్తారు, పుస్తకం ఒళ్లో పెడతారు. అక్కడ బయటివాడంటే ఇమ్మానుయేలు ఒక్కడే! చట్టం అంటరానితనాన్ని నిషేధించి ముప్పై ఏళ్లు దాటింది. హోటల్లో గ్లాసులు కలిసిపోయాయని, బస్సులో సీట్లు కలిసిపోయాయని గొప్పలు చెప్పుకుంటాం. కానీ చదువుకున్నవాళ్ల నడుమ, కూడికలూ తీసివేతలూ జరిగే చోట, అదే అంటు ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. దానికి 'ఆచారం' అని మర్యాదైన పేరు పెట్టుకున్నాం!

విమల బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. రోజూ నలభై నోటు పుస్తకాలు దిద్దుతుంది. ఆమెకు పిల్లల ఎత్తులన్నీ తెలుసు. నర్సయ్య వైపు తిరిగింది.

"కాకా, మా బడిల పిలగాండ్లు హోంవర్క్ చెయ్యని నాడు ఏం చేస్తరో తెలుసా? 'టీచర్, నేను తిప్పుత, నేను తిప్పుత' అని వాళ్లే పుస్తకం పట్టుకుంటరు. తప్పులున్న చోట రెండు కాయితాలు ఒక్కసారే తిప్పుతరు. మరి మీరు ఎప్పుడన్న రెండు తిప్పిండ్రా?"

నర్సయ్య చేతిలోని ఖాళీ కప్పులోకి చూడసాగాడు.

కిషన్ రావు ముఖం మాడిపోయింది. "గివన్ని ఆడోళ్లకెందుకమ్మా? ఇమ్మానుయేలూ, ఊరంతా తలుపు మూసిన్నాడు నిన్ను లోపలికి రమ్మన్నది నేను. యాదుంచుకో. రేపు గిట్ల ఏమన్న లొల్లి చేస్తే సేటు పోతడు, ఆయన వెనక ఇంకో పది దుకాణాలు పోతయి. అప్పుడు బోర్డు సంగతి నన్నడగకు. నర్సయ్యా, నడువు."

"మీరు పోండ్రి సార్," అన్నాడు నర్సయ్య. "నేను నడిచొస్త."

స్కూటరు చప్పుడు సందు మలుపు తిరిగాక ఇమ్మానుయేలు ఖాళీ అయిన కుర్చీలో కూలబడ్డాడు. తరవాత నర్సయ్య కప్పు కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ అన్నాడు.

"తిప్పిన బిడ్డా. ఒక్కసారి కాదు. ఇమ్మానుయేలు వచ్చే ముందు రోజే సేటు చెప్పేటోడు, గీ పుట చూపియ్యకు, గీ పుట చూపియ్యకు అని. వేలు తడి చేసుకొని రెండు కలిపి తిప్పేటోణ్ణి. కిషన్ రావు సార్‌కు ఎరుకే. ముగ్గురు ఆడపిల్లలు, ఇరవై ఐదేండ్ల నౌకరి... నేనేం చెయ్యాలె?"

ఇమ్మానుయేలు దిగ్గున లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. అంత మెత్తని మనిషికి అంత కోపం ఉంటుందని విమల ఎన్నడూ అనుకోలేదు.

"మూడేండ్లు! మూడేండ్లు 'అన్ని పుస్తకాలు పరిశీలించిన' అని నేను కాయితాలు తయారుచేసి ఇచ్చిన! అవన్ని అబద్ధాలా? నన్ను గుడ్డోణ్ణి చేసి కూసోబెట్టిండ్రా? ఆడిటర్‌కు మొదటి పాఠమే అది, అసలు కాయితం నీ కండ్లతోటి చూడాలె అని. నా చదువునంత బురదల తొక్కిండ్రు!"

"ఇప్పుడా మీకు కోపం వచ్చింది?" విమల అడిగింది. కళ్లలో నీళ్లు నిలిచాయి గాని అవి దుఃఖానివి కావు. "పుటలు దాచిండ్రనా? దాయకుండ అన్ని సక్కగ తిప్పి ఉంటే ఆ స్టూలు మీద ఇంకో ముప్పై ఏండ్లు కూసుందురా? మొదటి రోజు, పుస్తకం మీద చెయ్యి పెట్టబోతే వద్దన్ననాడు ఎటు పోయింది ఈ కోపం? నాతోని గూడ చెప్పలేదు. మీకు సిగ్గయింది. సిగ్గుపడాల్సింది మీరా?"

పనిలో జరిగిన మోసానికి వెంటనే మండిపోయిన మనిషి, తనకు జరిగిన అవమానాన్ని మాత్రం ఇన్నాళ్లు ఫీజు కట్టినట్టు కట్టేశాడు. చదువు పూర్తయితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడు. చదువు పూర్తయింది. స్టూలు అక్కడే ఉంది.

గుమ్మం దగ్గర నిలబడిన ఏలియా అప్పుడు లోపలికి వచ్చాడు. పడిపోయిన కుర్చీని లేపి, దాంట్లో తానే కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది ఆ సేటు బస్తాలు ఈ ఈపు మీద మోస్తాన," అన్నాడు నెమ్మదిగా. "నా చెమట కారిన గోనెసంచుల నుంచే ఆ ఇంట్లకు బియ్యం పోయినయి. ఆ బియ్యమే వండి దేవునికి పెట్టిండ్రు. ఒక్కనాడు మైల అనలే. నా ఈపు తాకిన గింజకు లేని మైల, నా కొడుకు వేలు తాకిన కాయితానికి ఎట్లొచ్చింది నర్సయ్యా? మోసే చెయ్యిని ఎన్నడు ఆపలే, లెక్క అడిగే చెయ్యినే ఆపిండ్రు. దేవుని పేరు చెప్పి మన చెయ్యి ఎక్కడ ఆపుతరో, అక్కడ వాళ్లకేదో లాభముంటది బిడ్డా. ఇన్నేండ్లు మోసిన నాకు గిది ఇయ్యాల సమజైంది. చదివిన నీకింకా కాకపోతే నీ సదువెందుకు?"

నర్సయ్య కళ్లు తుడుచుకున్నాడు. బయట సమ్మమ్మ వాకిట్లో నిలబడి అంతా వింటున్నది.

ఇమ్మానుయేలు విమల వైపు చూశాడు. బోర్డు మీద పేరు అందినట్టే అంది జారిపోబోతోందని ఆమెకు తెలుసు. అద్దె, బడిలో తన చిన్న జీతం, ఇంటి ఖర్చు, అన్నీ ఆమెకు తెలుసు. అయినా ఆమె తల పైకీ కిందికీ ఊపింది.

"నర్సయ్య కాకా," అన్నాడు ఇమ్మానుయేలు. ఇప్పుడు అతని గొంతులో అరుపు లేదు. "ఇప్పుడే పోయి సేటుకు చెప్పు. రేపు పొద్దుగాల పది గంటలకు వస్తాన. స్టూలు మీద కూసోను, గద్దె మీద కూసుంట. మూడేండ్ల పుస్తకాలన్ని ముందల పెట్టాలె. మొదటి పుట కాడి నుంచి ఆఖరి పుట దాక నేనే తిప్పుత, నేనే టిక్కు పెడ్త. వద్దంటే పుస్తకాలు చూపెట్టలేదని అక్కడే రాసి కిషన్ రావు సార్ చేతిల పెట్టొస్త. పార్ట్‌నర్‌షిప్ ఉంటే ఉంటది, పోతే పోతది. నా చెయ్యిని తాకనియ్యని లెక్క మీద నా సంతకం మాత్రం ఉండది."