కవర్లు చింపని కుర్చీలు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. రాతలో తప్పులుంటాయి, చెయ్యి నెమ్మది. కార్మికులూ, చదువుకునే పిల్లలూ మన్నించి చదవండి.

సరిత చేతిలోంచి టీ గ్లాసు జారి కీబోర్డు మీద ఒలికింది.

"అవి చేతులా, కట్టెలా? ఇంకోపారి ఒలకబోస్తే మీ నాయన గొర్ల ఎంట పో!" అని దామోదర్ అందరి ముందూ అరిచాడు. సరిత చున్నీతోనే తుడిచింది.

మిర్యాలగూడలోని ఆ ఆఫీసు దామోదర్‌ది. పాత భూమి కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించే కాంట్రాక్టు. కుర్చీలు మాత్రం పెళ్లిళ్లలో వేసే ప్లాస్టిక్‌వి. పొద్దస్తమానం వాటిలో వంగి టైపు కొడుతుంటే నడుములు పట్టేసేవి. పైగా ఆయన లోపలికి వచ్చినప్పుడల్లా అందరూ లేచి నిలబడాలి. దొర అయిన వాళ్ల తాత గడీ ముందు నడిచిన మర్యాదే ఈ ఏసీ గదిలోనూ నడిచేది.

అక్కడ పనిచేసే సరితది వేములపల్లి. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని దవాఖానకు వెళితే, నరం నలుగుతోందని, కూర్చునే తీరు మారకపోతే పట్టు పోతుందని డాక్టరు చెప్పాడు. పట్టు పోతే ఈ పనీ లేదు, ఇంటి దగ్గర పాలు పితికే పనీ లేదు.

దామోదర్‌కు పనిచ్చే కంపెనీ, సరిగా కూర్చోవడం మీద శిక్షణ పెట్టమనడంతో ఒకరోజు కొత్త కుర్చీలు దిగాయి. కింద చక్రాలు, నడుముకు ఆనుడు, పైన పాలిథిన్ కవర్లు.

"కవర్లు చింపకుండ్రి. పొద్దుగూకాల దుకాణానికి వాపస్ పోవాలె," అన్నాడు దామోదర్.

శిక్షణకు వచ్చిన వైష్ణవి మేడం ఓపికగా చెప్పింది. పాదాలు నేలకు ఆనాలి. మోచేతులు బల్ల ఎత్తున, తెర కళ్లకు ఎదురుగా ఉండాలి. మధ్యమధ్య లేచి నడవాలి. సరిత అలాగే కూర్చుంది. మధ్యాహ్నానికి భుజాల బిగువు వదిలింది. ఇంత సులువా అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఫొటోలు తీశారు. మేడం కారు కదలగానే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది.

"ఇగ లేవుండ్రి."

"అదేంటి సార్, మరి రేపటినుంచి ఎలా కూర్చోవాలి?" అన్నాడు కోదాడ నగేష్.

"నేర్సుకున్నరు గద? పాత కుర్సీలల్లనే నిటారుగ కూసోండ్రి!"

"అయితే మా నడుములు గూడ ఆటోల ఏస్కపోండ్రి సార్," అంది పక్క కుర్చీలోని అనురాధ. నవ్వులు లేచాయి. నవ్వుతూనే అందరూ లేచారు. ఆ అలవాటు కాళ్లలోనే ఉంది.

సరిత ఒక్కతే లేవలేదు.

"ఏందే, ఇనబడ్తలేదా?"

"పాదాలు నేలకు ఆనాలన్నరు సార్. ఆనినయి."

ఆమె కుర్చీ చేతి మీది కవరు పట్టుకుని లాగింది. వేళ్లు బిగియలేదు. మళ్లీ లాగింది. పాలిథిన్ జారిపోయింది.

దామోదర్ నవ్వాడు. "చింపు, సూస్త."

గదంతా ఆ వేళ్లనే చూస్తోంది. వాటిలో ప్రతివాళ్లకీ తమ రేపటి చెయ్యి కనిపించింది. అనురాధ మళ్లీ కూర్చుంది. తన కుర్చీ కవరు చర్రున చింపింది. తర్వాత నగేష్. ఆ తర్వాత గదంతా అదే చప్పుడు.

చింపిన కుర్చీలు దుకాణం తీసుకోదు. దామోదర్ పోలీసులను పిలిచి, మొదలుపెట్టింది ఈమేనని సరితను చూపించాడు. అందరినీ వదిలి, కవరు చింపలేని సరితనే తీసుకెళ్లారు. జీపు ఎక్కడానికి కడ్డీ పట్టుకోబోతే చెయ్యి జారింది. కానిస్టేబుల్ రెక్క పట్టి లాగాడు. కిటికీల దగ్గర నిలబడి చూడడం తప్ప ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

మర్నాడు దామోదర్ లోపలికి వచ్చాడు. ఒక్కరూ లేవలేదు. పాదాలన్నీ నేలకు ఆని ఉన్నాయి. చేతులన్నీ ఒళ్లో ఉన్నాయి.

"సరిత రావాలె సార్," అంది అనురాధ. "గప్పటిదాంక ఒక్క చెయ్యి కదలది."

— సత్తెమ్మ, అరవై నాలుగేళ్లు. మాది మోతె. ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాను.