అద్దాల పెట్టెలో చెట్ల శత్రువు

నేను ఒక గొడ్డలిని. ఇంగ్లండులో ఒక పాత అడవి అంచున ఉన్న మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉంటాను. నా కింద ఇత్తడి పలక మీద ‘చెట్ల శత్రువు’ అని చెక్కించారు. నేను ఇంత గొప్పదాన్నవుతానని నన్ను చేసిన కమ్మరి కూడా అనుకుని ఉండడు.

ఆ కమ్మరి నన్ను ఏబెల్ చేతికిచ్చాడు. ఏబెల్ అడవి పక్క ఊళ్ళో కట్టెలు కొట్టేవాడు. ఆ ఊరివాళ్ళకు తాతల నాటి నుంచి ఒక హక్కు ఉండేది. మనిషి తల కంటే ఎత్తున ఉన్న కొమ్మలు కొట్టుకోవచ్చు, మాను జోలికి మాత్రం పోకూడదు. పన్నెండేళ్ళకోసారి ఒక్కో చెట్టుకు వంతు వచ్చేది. వాళ్ళ పొయ్యి వెలిగేది, చెట్టుకు బరువు దిగేది, కొట్టిన చోట మళ్ళీ చిగుళ్ళు వేసేది. అలా ఏడు వందల ఏళ్ళు బతికిన ఓక్ చెట్టు ఒకటుండేది. ఊరంతా దాన్ని ముసలి మార్తా అనేవారు. మాను లోపలంతా డొల్ల, అయినా నిక్షేపంగా ఉండేది. దానికి రెండుసార్లు క్షవరం చేసిన భాగ్యం నాది. అదంటే నాకెంతో ఇష్టం. నరికేదానికి ఇష్టమేమిటని నవ్వకండి. మంగలికి తలల మీద పగ ఉంటుందా?

సరిగ్గా మేం మార్తా కొమ్మలు దించిన వారమే పట్నం నుంచి పెద్దమనుషులు వచ్చారు. మోడులా నిలబడ్డ చెట్టును చూసి రుమాళ్ళు తీశారు. సంఘం పెట్టారు, చట్టం తెచ్చారు, ఒక్క కొమ్మ ముట్టరాదన్నారు. నన్ను తెచ్చి ఇక్కడ పెట్టి తాళం వేశారు. పక్కనే దుకాణం తెరిచి మార్తా బొమ్మ వేసిన టీ కప్పులు అమ్మారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మీ ఊళ్ళోనే ఉందనుకోకండి.

ఏటా ఆకురాలు కాలంలో ఏబెల్ వచ్చి, బరువు దించకపోతే చెట్టు చీలిపోతుందని అధికారులకు చెప్పేవాడు. గొడ్డలి పట్టినవాడు ఇంకేమంటాడులే అని నవ్వి, టీ ఇచ్చి పంపేవారు. అదీ మార్తా కప్పులోనే. అధికారులు మారారు, జవాబు మారలేదు. కిటికీ అవతల మార్తా కొమ్మలు ఒక్కోటీ ఒక చెట్టంత అయ్యాయి. గాలి వీచినప్పుడల్లా నాకు భయమేసేది.

చివరికొచ్చిన అధికారిణి మిస్ ఇస్లా కాస్త నయం. పాత కాగితాలు తిరగేసి, ఏబెల్ మాట నిజమేనని సంఘానికి రాసింది. సంఘం వెంటనే ఒక ఉపసంఘం వేసింది. అది సమావేశమయ్యే లోపే గాలివాన వచ్చి మార్తా నడిమికి చీలి పడిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మర్నాడే కొమ్మలు కొట్టడానికి అనుమతి వచ్చింది.

విరిగిన ఒక కొమ్మ నుంచి గుండ్రటి చెక్క కోయించి నా పక్కన పెట్టారు. ఏబెల్ వేలితో నడిమి నుంచి బెరడు దాకా ఏటికొకటిగా పడిన వలయాలు లెక్కపెట్టాడు.

“నలభై ఒకటమ్మా. మీరు కాపాడిన ఏళ్ళివే. దాన్ని చీల్చిన బరువూ ఇదే.”

ఇస్లా ఆ రోజు టీ ఇవ్వలేదు. ఆయన వెళ్ళాక నా కింది పలక ఊడదీసి చేతిలో పట్టుకుని సంఘం గది తలుపు వైపు చూసింది. దాన్ని ఎక్కడ తగిలించాలో ఆమెకు తెలుసు. కానీ ఉపసంఘం ఒప్పుకోవాలి కదా. నిట్టూర్చి, మళ్ళీ నా కిందే బిగించి వెళ్ళిపోయింది.