విమలమ్మ పంచిన అజొల్లా

ఎల్లారెడ్డి దగ్గరి ఆ ఊళ్లో విమలమ్మ పెరట్లోకి వెళ్లినవాళ్లెవరూ ఉత్తచేతులతో తిరిగి రారు. కరివేపాకో, తోడుకు ఇంత పెరుగో చేతిలో పెట్టందే ఆవిడకు తోచదు. ఈ ఏడు నీళ్ల మీద తేలుతూ పెరిగే పశువుల మేత అజొల్లా వంతు వచ్చింది. బర్రెలకు పెడితే పాలు పెరుగుతాయని ఎవరో అంటే, పిట్లం వైపు చుట్టాల ఊరి మడుగులోంచి దోసెడు తెచ్చి తొట్టిలో వేసింది. చూస్తుండగానే తొట్టి నిండింది. ఇక పంచుడే పంచుడు! ఇళ్లకు పంచగా మిగిలింది చేపలు తింటాయిలే అని ఊరి కుంటలో వేసింది. బర్రె మాత్రం దాన్ని మూతితో పక్కకు తోసేసింది. విమలమ్మ బర్రెకే పొగరనుకుంది.

కొత్త కోడలు ప్రణీతకు అనుమానం వచ్చింది. తాడ్వాయిలో ఆమె పుట్టింటివాళ్లు అజొల్లా పెంచుతారు. అత్తగారి గొప్పను తప్పుపట్టడమంటే మాటలా? కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి పుట్టింటి నుంచి కాస్త తెప్పించి రెండింటినీ ఒకే పళ్లెంలో పెట్టింది.

"అత్తమ్మా, గిది అసలు అజొల్లా. సన్నగ, పొరలు పొరలుగ ఉన్నది. మనదాని ఆకులేమో పెద్దగ, జంటలు జంటలుగ ఉన్నయి. మీద నూగు చూడు."

ఫోనులో పెద్దది చేసి చూపింది. ఒక్కో నూగు కొస చిన్న కవ్వంలా ఉంది.

"దీన్ని సాల్వీనియా అంటరు. చిన్న ముక్క మిగిలినా మల్ల పెరుగుతది. కుంటంతా కప్పిందంటే నీళ్లకు గాలాడది, చేపలు సస్తయి."

విమలమ్మకు ఊరి కుంట గుర్తొచ్చింది. ఆ కుంటలో చేపపిల్లలు వదిలింది మైసన్న. అతని ఇంటిల్లిపాదికీ అదే తిండి. చెప్పులైనా తొడుక్కోకుండా బయలుదేరింది.

మైసన్న గట్టు మీద వల పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుంటలో ఒక మూల అప్పటికే పచ్చగా పరుచుకుంది.

"గీ ఆకు ఏడికెళ్లి వచ్చిందో అక్కా! కొంగల కాళ్లకు అంటుకొని వచ్చినట్టుంది."

ఎంత మంచి సాకు! అవునేమో అనేసి వెనక్కి తిరిగితే చాలు, ఎవరికీ తెలియదు. ఆ మాట ఆవిడ నోటిదాకా వచ్చింది కూడా.

"కొంగలు కాదు మైసన్నా. నేనే ఏసిన. అజొల్లా అనుకున్న."

మైసన్న ముఖం ఎర్రబడింది. కోపం రాదా మరి? కాని ఆవిడ చీర ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఆకు గుంజుతుంటే వల పక్కన పడేశాడు. తనూ దిగాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ లాగి, గట్టుకు దూరంగా ఎండే చోట కుప్ప పోశారు.

"ఇంక రెండు మూడు దినాలు ఏరితే పోతది తియ్యి. ఊర్ల అందరికి కొంగలే తెచ్చినయని చెప్త. నీ పేరెందుకు?"

విమలమ్మకు కళ్లు చెమర్చాయి. ఇంత నష్టం చేసినా తన పరువు కాపాడబోతున్నాడు.

"వద్దు. నేనిచ్చిన ఇండ్లున్నయి కదా. కొంగలంటే వాళ్లెవరూ తీసి పారెయ్యరు. విమలమ్మ తప్పు చేసిందనే చెప్పు."

తడిచీరతోనే, తను ఆకు పంచిన ఇళ్లలో ఒకటైన యాదవ్వ ఇంటికి వెళ్లింది. యాదవ్వ నవ్వుతూ ఎదురొచ్చింది.

"రా అక్కా! నువ్విచ్చింది ఎంత మంచిగ పెరిగిందో! డోంగ్లి ఊర్ల ఉన్న మా చెల్లెకు గూడ పంపిన. ఆమె వాళ్ల చెరువుల ఏస్తదట."

విమలమ్మ గడప బయటే ఆగింది.

"అది అజొల్లా కాదు యాదవ్వా, నాదే తప్పు. ముందు మీ చెల్లెకు ఫోన్ చెయ్యి. డోంగ్లికి బస్సు ఎప్పుడున్నదో గది గూడ అడుగు."