నౌకకి ఎడమ రెక్క

దుమ్ము తుడవడం అంటే ముట్టుకోవడం కాదట. ఆ మాట ఆమె భర్తది. హాల్లో బల్ల మీదున్న బొమ్మ అంతరిక్ష నౌకని ఎవరూ ముట్టుకోకూడదు, కానీ దాని మీద ఏ రోజూ దుమ్ము కనిపించకూడదు. అందుకని ఆమె మెత్తటి కుంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెక్కల మీద, ముక్కు మీద, వెనక గొట్టాల మీద మెల్లిగా తుడుస్తుంది. నాలుగువేల చిల్లర ప్లాస్టిక్ ఇటుకలు. అతని చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఏదో గ్రహాల సీరియల్లోని నౌకంట. అప్పుడు చూసిన గుర్తుతోనే మూడేళ్ళుగా కడుతున్నాడు. కట్టి, నచ్చక విప్పి, మళ్ళీ కట్టి. ఆదివారం ఇలాంటివి కట్టేవాళ్ళందరి ప్రదర్శన ఉంది.

గురువారం మధ్యాహ్నం కుంచె తగిలిందో లేదో, ఎడమ రెక్క ఊడి నేల మీద పడింది.

చప్పుడు పెద్దదేం కాదు. గుప్పెడు గింజలు ఒలికినట్టు, అంతే. అయినా ఆమె మొదట తలుపు వైపు చూసింది. తర్వాత గడియారం వైపు. మూడున్నర. అతను అయిదున్నరకి వస్తాడు.

కొట్టడు. "మా ఆయన చెయ్యెత్తడు" అని ఆమే అందరికీ చెబుతుంది. పోయినేడు నౌక యాంటెన్నా ముక్క ఒకటి విరిగింది. అప్పుడు అతను ఆమెని ఏమీ అనలేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా ఆమెని వంటింట్లోంచి పిలిచేవాడు. "ఏదీ, ఇలా రా. ఏం చేశావో వీళ్ళకి చెప్పు." ఆమె తడి చేతులతో వచ్చి నిలబడి, "నేనే విరగ్గొట్టానండీ" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఆమె కూడా నవ్వాలి. నవ్వకపోతే "చూశారా, పొగరు" అనేవాడు. అలా నాలుగు నెలలు. యాంటెన్నాకే నాలుగు నెలలైతే రెక్కకి ఎన్నాళ్ళో? ఇప్పటికీ కాలింగ్ బెల్ మోగితే ఆమె గబగబా చేతులు తుడుచుకుంటుంది, వచ్చింది పాలవాడైనా సరే.

ముక్కలన్నీ ఏరి ఒళ్ళో పోసుకుంది. రెండు ముక్కలు కూడా కలపలేకపోయింది. కాసేపు చేతుల్ని చంకల్లో దాచుకుని కూర్చుంది. ఆమె కోట్లు కుట్టే షాపులో పనిచేస్తుంది, గురువారం సెలవు. పదకొండేళ్ళుగా అక్కడ కోట్లకి చేతులు అతికేది ఆమే. కోటు ఒంటి మీద చక్కగా కూర్చుంటే అది షాపు మాస్టారి కటింగ్ గొప్ప, పట్టేస్తే ఆమె కుట్టు తప్పు. ఆ అలవాటు కొద్దీ రెక్క ఊడిన చోట లోపలికి తొంగి చూసింది. చూడగానే తెలిసిపోయింది. అంత బరువు రెక్క రెండంటే రెండు చిన్న ముక్కల మీద వేలాడుతోంది. భుజం లేకుండా చెయ్యి అతికినట్టు. ఊడక ఏం చేస్తుంది? మూడేళ్ళుగా ఆ రెక్క వేలెడు కిందికి వంగే ఉండేది. "సీరియల్లోనూ అంతే, యుద్ధంలో దెబ్బతిన్న నౌక ఇది" అని అతను వచ్చినవాళ్ళకి చెప్పేవాడు.

అతని డబ్బాలో మిగిలిన పొడుగు ఇటుకలు తీసింది. నౌక వీపు మీది పలకలు ఒక్కొక్కటే విప్పి, ఏది ఎక్కడిదో ఆ వరసలోనే నేల మీద పేర్చుకుంది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, పొట్టలోంచి అడ్డంగా రెండు దూలాలు వేసింది. అతుకు మీద అతుకు రాకుండా ఇటుకని ఇటుక దాటించి కట్టింది. ఆ పనిలో ఉన్నంతసేపూ భయం ఎటు పోయిందో పోయింది. రెక్క తగిలించి మెల్లిగా చెయ్యి వదిలింది. నిలబడింది. కుడి రెక్కకి సమానంగా, తిన్నగా. నౌక ఇప్పుడే నేల వదలబోతున్నట్టుంది.

అప్పుడు భయం తిరిగొచ్చింది, రెట్టింపై. రెక్కకి పాత వంపు లేదు. గుమ్మంలోంచే కనిపెట్టేస్తాడు.

"పడేశావా?"

అత్తగారు. ఎంతసేపటినుంచి అక్కడ నిలబడి ఉందో.

"ఊడిపోయింది అత్తయ్యా. మళ్ళీ పెట్టాను."

ఆవిడ దగ్గరికొచ్చి కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈ రాకెట్టు ఇంత తిన్నగా ఉండేది కాదే!"

ఆమె నేల మీద మిగిలిన ఇటుకల్ని ఏరి డబ్బాలో వేసింది.

"మీ మామగారి రేడియో నేనే బాగుచేసేదాన్ని, తెలుసా?" అంది అత్తగారు గొంతు తగ్గించి. ఆయన పోయి ఆరేళ్ళయినా గొంతు తగ్గించే అంది. "బాగుచేసి, ఒక్క స్క్రూ వదులు చేసి పెట్టేదాన్ని. ఆయనొచ్చి అది బిగించి, పాట రాగానే 'చూశావా నా చెయ్యి' అనేవారు. ఆ పూట ఇంట్లో అందరం ప్రశాంతంగా అన్నం తినేవాళ్ళం. నా మాట విను అమ్మాయ్. వంచి పెట్టు."

"ఎన్నాళ్ళు చేశారు అత్తయ్యా అలా?"

"రేడియో ఉన్నన్నాళ్ళూ." ఆవిడ నవ్వబోయి ఆగింది. "తర్వాత మిక్సీ. తర్వాత ఫ్యాను."

అయిదుంబావు. ఆమె మళ్ళీ పలక విప్పింది. దూలం చివర ఒక్క ఇటుక పీకితే చాలు, రెక్క వేలెడు వంగుతుంది. వేళ్ళతో ఆ ఇటుకని పట్టుకుంది. కుదిరిన అతుకుని చెడగొట్టడం ఆమెకి తెలియని పని. మాస్టారు ఎంత ఏడిపించినా షాపులో ఎన్నడూ అలా చెయ్యలేదు. పీకితే ఇవాళ్టికి గడుస్తుంది. ఆదివారం అంతమందిలో మళ్ళీ ఊడి పడితే? అప్పుడూ పిలిచేది తననే. ఎటు తిరిగినా తనే. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. అత్తగారు "త్వరగా, త్వరగా" అంటోంది. ఆమె ఇటుకని వదిలేసి పలక మూసింది.

అతను వచ్చాడు. బూట్లు విప్పుతూ నౌక వైపు చూసి ఆగిపోయాడు. చుట్టూ తిరిగి చూశాడు. వంగి చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కొడుకుని చూడడం లేదు, కోడలినే చూస్తోంది.

"ఇదేంటి, రెక్క పైకొచ్చింది?"

రెక్క కింద వేలు పెట్టి చూశాడు.

"మొన్న నేను లోపల కొంచెం సర్దానులే. అది పట్టింది," అన్నాడు తనలో తనే. మొహం వెలిగింది. "చూశావా అమ్మా నా చెయ్యి!"

"చూశాన్రా," అని ఆవిడ ఊపిరి వదిలింది.

గండం గడిచింది. ఇక ఆమె వెళ్ళి టీ పెట్టాలి, అంతే. వంటింటి వైపు ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగింది.

"ఏమండీ, ఆదివారం నేనూ వస్తాను."

"నువ్వెందుకు? అక్కడ నీకేం అర్థమవుతుంది?"

"అక్కడికి వచ్చేది కట్టేవాళ్ళే కదా. రెక్క లోపల ఎలా నిలబెట్టారని అడుగుతారు." నౌక వీపు మీది పలక వైపు చెయ్యి చూపింది. "అది మీకు తెలియదు. నేను చెబుతాను."