ఆరో నంబరు ఇంటి సూర్యుడి గేటు

నేను ఒక ఇనుప గేటుని. మనిషి నడుము ఎత్తుకి మించను. పంతొమ్మిది వందల యాభై ఏడులో ఊరి శివార్లలో గుమాస్తాల కోసం అరవై ఇళ్ళ కాలనీ వెలిసినప్పుడు, వీరాచారి అనే కమ్మరి మా అరవై మందినీ ఒకే నమూనాలో చేశాడు. అడుగున సగం సూర్యుడు, పైకి తొమ్మిది కిరణాలు. దేశం కొత్తది కదా, ఏ ఇంటి ముందు చూసినా తెల్లవారుతున్నట్టే ఉండేది. నేను ఆరో నంబరు నాగభూషణం గారికి దక్కాను, ఆయన తర్వాత కూతురు సుభద్రమ్మకి.

నలభై ఏళ్ళు తిరిగేసరికి ఊరు మా కాలనీని మింగేసింది. కార్లొచ్చాయి, మేము ఇరుకైపోయాం. ఒక్కొక్కరినే పీకి పాతసామాన్ల బండికి వేశారు. అప్పుడు డ్రాయింగ్ టీచరమ్మ సుభద్రమ్మ కొంగు బిగించింది. "మన వీధికో ముఖం ఉంది, దాన్ని చెరిపెయ్యకండి" అంటూ ఇంటింటికీ తిరిగింది. ఎదురింటి వకుళమ్మ గేటు మార్పించబోతే అడ్డం నిలబడింది. ఆ మాట కాదనలేక వకుళమ్మ కారు కొనడమే మానుకుంది, ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడింది. మా అమ్మగారిని చూసి నేనెంత గర్వపడ్డానో.

ఒకరోజు ఆవిడ నా మీద చెయ్యి వేసుకుని ఫోన్లో, "డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నాం" అంది. ఇనుప బుర్ర కదా, కొత్త రంగు వేయిస్తారనుకుని మురిసిపోయాను. ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కట్టమని బిల్డరుకి అప్పగించడాన్ని మనుషులు అలా అంటారట.

వకుళమ్మ పరుగున వచ్చింది. "నన్ను గేటు తియ్యనివ్వలేదు కదక్కా నువ్వు?"

"మోకాళ్ళ నొప్పులే వకుళా. అందులో లిఫ్టుంటుంది."

"ఉన్నదే ఒక్క అంతస్తు. లిఫ్టెందుకక్కా?"

సుభద్రమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నా వంకైనా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

నన్ను పాతసామాన్లకి వేసినా బాగుండేది. వార్నిష్ పూసి, అపార్ట్‌మెంటు కింద హాల్లో గోడకి బిగించి, చుట్టూ దీపాలు పెట్టారు. తెరుచుకోను, మూసుకోను. వచ్చినవాళ్ళకి నన్ను చూపించి "పాతవంటే మాకు ప్రాణం" అంటుంది సుభద్రమ్మ. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

పోయిన ఆదివారం నా ముందే మీటింగు పెట్టుకున్నారు. వీధంతా అపార్ట్‌మెంట్లయ్యాక మిగిలిన ఒకే ఒక్క చిన్న గేటు, వకుళమ్మది, వీధి అందం చెడగొడుతోందట. తీసెయ్యమని కాగితం రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలతో మొదటి సంతకం సుభద్రమ్మే పెట్టింది.